అనుమానం తొమ్మిదిన్నర వేల మీద, తాళం ఖాతా మొత్తానికి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ప్రొద్దుటూరు. ఇంట్లోనే రెండు మిషన్లు పెట్టుకొని ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. పది మంది ఆడవాళ్లం ఉన్న మా పొదుపు సంఘానికి మూడేళ్లుగా నేనే లీడర్ని. ఈ ఉత్తరం రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. కొడుకు బెట్టింగ్ ఆడాడని నలుగురిలో చెప్పుకోవడం ఏ తల్లికీ ఇష్టం ఉండదు. కానీ బ్యాంకులో నాలాగే చీటీ చేతిలో పట్టుకొని నిలబడిన ఇంకో ఇద్దరిని చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

పోయిన నెల నాలుగో తేదీ పొద్దున మెయిన్ బజారులో దారాలు, లైనింగ్ గుడ్డ తీసుకున్నాను. 640 రూపాయలు అయింది. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పోలేదు. మళ్లీ కొట్టాను, పోలేదు. అంగడాయన తెలిసినవాడే. "సర్వర్ పని చేయడం లేదేమోలే అక్కా, రేపు ఇద్దువు" అన్నాడు. ఏటీఎంకు పోతే అక్కడా రాలేదు. బ్యాంకుకు పోయి పాస్‌బుక్ ఇచ్చాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి కంప్యూటర్ చూసి, గొంతు తగ్గించి, "అమ్మా, మీ అకౌంట్‌కు డెబిట్ ఫ్రీజ్ పడింది, సైబర్ క్రైమ్ కేసు" అన్నాడు. ఎంత మెల్లగా చెప్పినా నా వెనక లైన్లో ఉన్నామెకు వినపడింది. ఆమె ఒక అడుగు పక్కకు జరిగి నిలబడింది.

మేనేజరు ఒక చిన్న కాగితం మీద మూడు లైన్లు రాసిచ్చారు. ఒక పొడవాటి ఫిర్యాదు నంబరు, వేరే రాష్ట్రంలోని ఒక పోలీస్ స్టేషన్ పేరు, ఒక ఈమెయిల్ అడ్రసు. కింద 9,500 అని రాసి గీత గీశారు. "మీ ఖాతాలోకి వచ్చిన ఈ డబ్బు మీద ఫిర్యాదు ఉంది, వాళ్లతోనే మాట్లాడుకోండి, మేం చేయగలిగింది లేదు" అన్నారు. పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే ఆ లైను కనపడింది. ఆ డబ్బు జమైన లావాదేవీ తాలూకు పన్నెండంకెల నంబరు, దాని పక్కన సగంలో తెగిపోయిన ఒక మనిషి పేరు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చి మా చిన్నోడిని అడిగాను. వాడు సెల్‌ఫోన్ రిపేరు అంగట్లో పని చేస్తాడు. చాలాసేపు తల దించుకొని కూర్చుని తర్వాత చెప్పాడు. వాళ్ల అంగడికొచ్చే ఒకతను "ఐడీ" ఇచ్చాడంట. ఐడీ అంటే క్రికెట్ బెట్టింగ్ సైట్లోకి పోయే పేరు, పాస్‌వర్డు. డబ్బు వేస్తే పాయింట్లు వస్తాయి, గెలిస్తే విత్‌డ్రా పెట్టుకోవచ్చు. ఆరు నెలల్లో వీడు 46,000 వేశాడు. ఒకసారి 9,500 గెలిచాడు. ముందోసారి వాడి ఖాతానే హోల్డ్ పడిందంట, ఆ సంగతి నాకు చెప్పలేదు. అందుకని ఈసారి నా ఖాతా నంబరు ఇచ్చాడు. ఆ డబ్బే ఇది.

నాకు అర్థం కానిది ఒకటే. సైట్ వాడు గెలిచిన డబ్బు ఇస్తే వాడి కంపెనీ పేరు మీద రావాలి కదా, ఎవరో మనిషి పేరు మీద ఎందుకొచ్చింది? ఇది వాడిని నాలుగైదుసార్లు అడిగాను. అప్పుడు చెప్పాడు, వేసేటప్పుడు కూడా అంతేనంట. డబ్బు వేయాలనుకున్న ప్రతిసారీ వాట్సాప్‌లో కొత్త యూపీఐ నంబరు పంపుతారు. పొద్దున ఒకరి పేరు, సాయంత్రం ఇంకొకరి పేరు. ఆన్‌లైన్ పందేలకు డబ్బు పంపించకూడదని చట్టం బ్యాంకులకు చెప్పింది కాబట్టి వీళ్లు మామూలు మనుషుల ఖాతాలు వాడుకుంటున్నారు. బ్యాంకు కళ్లకు అది ఒక మనిషి ఇంకో మనిషికి పంపిన డబ్బులాగే కనపడుతుంది. మన ఊళ్లలోనే పనీపాటా లేని పిల్లల దగ్గర పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ము తీసుకొని నెలకింత అని చేతిలో పెడుతున్నారు. అమ్మానాన్నలు దయచేసి ఒకసారి మీ పిల్లల ఏటీఎం కార్డు ఇంట్లోనే ఉందా అని అడగండి.

ఆ పోలీస్ స్టేషన్‌కు నాలుగు రోజులు ఫోన్ చేశాం. నాకు హిందీ రాదు. ఐదో రోజు ఎత్తారు. పక్కింటి కోడలికి హిందీ వచ్చు కాబట్టి ఆమె మాట్లాడి పెట్టింది. ఆ ఊళ్లో ఒక పెద్దాయనకు బ్యాంకు నుంచి అని చెప్పి ఎవరో ఫోన్ చేసి, ఆయన దాచుకున్న డబ్బు లాగేశారు. ఆయన సైబర్ మోసాల ఫిర్యాదులకు పెట్టిన 1930 నంబరుకు ఫోన్ చేశాడు. ఆయన ఖాతా నుంచి ఒకరికి, అక్కడి నుంచి ముగ్గురికి, అట్లా పోయిన డబ్బులో ఒక ముక్క నా ఖాతాలోకి వచ్చి పడింది. పోలీసులు ఆ డబ్బు పోయిన దారి పట్టుకొని వచ్చిన చోటల్లా ఖాతాలు ఆపుతూ వచ్చారు. మా వాడు క్రికెట్లో గెలిచాననుకున్నది ఎవరో ముసలాయన కష్టార్జితం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తొమ్మిదిన్నర వేలు నాకొద్దు, ఆయనకే చేరాలి. ఇదే మాట ఈమెయిల్లో రాసి పంపించాను.

కానీ నా ఖాతాలో ఆ రోజు ఉన్నది 31,240. అందులో 24,000 సంఘం డబ్బు. ఒక్కొక్కరు 2,400 చొప్పున పది మందిమి. మూడో తేదీకే అందరూ నా నంబరుకు వేసేస్తారు, నేను పదో తేదీలోపల సంఘం లోను కంతు కట్టేస్తాను. పోలీసులకు అనుమానం ఉన్న 9,500 వరకు ఆపి, మిగతా 21,740 వదిలినా ఏదో ఒకటి చేసి కంతు కట్టేదాన్ని. పైసా కూడా కదలనివ్వలేదు. కమ్మలు బంగారు అంగట్లో కుదువ పెట్టి పదో తేదీకి కట్టాను. సంఘంలో ఎవరూ ఒక్క మాట అనలేదు, అది వాళ్ల మంచితనం. కానీ ఒకామె మాత్రం "ఈ నెల నుంచి డబ్బు చేతికే ఇస్తాలే అక్కా" అంది. ఇరవై ఏళ్లలో నా చేతి మీద ఎవరూ లెక్క అడిగింది లేదు.

డెబిట్ ఫ్రీజ్ అంటే డబ్బు లోపలికి వస్తుంది, బయటికి పోదు. నాకది తెలియక ముందు రెండు రోజులు జాకెట్ల కూలి 1,150 కూడా అందులోనే పడింది. తెలిశాక మిషన్ పక్కన గోడకు అంటించిన స్కానర్ మీద పాత క్యాలెండర్ కాగితం అతికించాను.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే లాయరమ్మ ఒకామె ఉంది. ఆమెను అడిగితే కొన్ని విషయాలు చెప్పింది. నాలాంటివాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను. బ్యాంకు రెండు రకాలుగా డబ్బు ఆపగలదు. లీన్ పెడితే ఆ మొత్తం వరకే ఆగుతుంది, ఫ్రీజ్ చేస్తే ఖాతా మొత్తం ఆగుతుంది. ఇట్లాంటి కేసుల్లోనే కేరళ హైకోర్టు 2023లో, పోలీసులు చెప్పిన మొత్తం వరకే ఆపాలని బ్యాంకులకు చెప్పింది. అంటే చేయడానికి వీలు లేనిది కాదు. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాద్దామా అంటే, పోలీసుల ఆదేశం మీద బ్యాంకు చేసిన పనిని వాళ్లు విచారించరంట. ఆ రాష్ట్రం కోర్టుకు పోదామా అంటే రైలు చార్జీలకు, లాయరు ఫీజుకే తొమ్మిదిన్నర వేలు దాటిపోతుంది. ఏం చేసేది?

ఇంకో సంగతి. ఖాతా ఆగక ముందే మా వాడి ఐడీలో 62,000 గెలిచినట్టు చూపించింది. విత్‌డ్రా పెడితే "ముందు 30 శాతం ట్యాక్స్ కట్టు" అన్నారు. స్నేహితుడి దగ్గర అప్పు చేసి 18,600 పంపాడు. తర్వాత వెరిఫికేషన్‌కు ఇంకో పది వేలు అడిగారు. లేవంటే ఐడీ బ్లాక్ చేశారు. పన్ను అనేది ఇచ్చేవాడు పట్టుకొని మిగతాది ఇస్తాడు గానీ, తీసుకునేవాడి దగ్గర ముందుగా ఎవరూ కట్టించుకోరని లాయరమ్మ చెప్పేదాకా వాడికి తెలియదు. ఆ డబ్బైనా వస్తుందా అని బ్యాంకులో అడిగితే "మీరే పిన్ కొట్టి పంపారు కదా" అన్నారు. రిజర్వు బ్యాంకు 2017లో పెట్టిన నియమం, మూడు పని దినాల్లోపల చెబితే నష్టం మనది కాదనేది, మనకు తెలియకుండా పోయిన డబ్బుకే వర్తిస్తుంది. పందెం బాకీ కింద కోర్టులో దావా వేసినా నిలవదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. మోసం కింద 1930కే చెప్పాలి, అది కూడా ఎంత తొందరగా చెబితే అంత మంచిది, పాస్‌బుక్‌లో ఉండే ఆ పన్నెండంకెల నంబరు దగ్గర పెట్టుకొని.

మా వాడు చెప్పలేదు. ఎందుకంటే భయం. మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరు నుంచే ఆన్‌లైన్ పందేలు నిషేధం. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆడేవాళ్లకు కూడా ఆరు నెలల వరకు జైలని పెట్టారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టి, ఆడినవాళ్లకు శిక్ష లేకుండా వదిలింది. పాత సంగతి అందరికీ గుర్తుంది, కొత్త సంగతి ఎవరికీ తెలియదు. మా వాడితో పాటు ఆ ఐడీ తీసుకున్న ఇంకో నలుగురు పిల్లలు కూడా డబ్బు పోగొట్టుకొని నోరు మూసుకొని ఉన్నారు. ఫిర్యాదు చేయడానికి వచ్చిన పిల్లలను ముద్దాయిల్లా చూడబోమని మన జిల్లా పోలీసులు బాహాటంగా ఒక మాట చెబితే చాలు, ఐడీలు ఇచ్చేవాడి ఫోన్ నంబరు రేపే వాళ్ల చేతికి వస్తుంది.

బ్యాంకుల వాళ్లను, పోలీసులను నేను అడిగేది పెద్ద పని కాదు. ఎంత మొత్తం మీద ఫిర్యాదు ఉందో అంత వరకే ఆపండి. ఆపిన రోజే, ఎందుకు ఆపారో, ఎవరిని అడగాలో తెలుగులో ఫోన్‌కు మెసేజ్ పంపండి, దారాల అంగట్లో నిలబడి తెలుసుకునే పరిస్థితి పెట్టకండి. వేరే రాష్ట్రం స్టేషన్‌కు మేం ఇచ్చుకునే జవాబు, పాస్‌బుక్ కాపీ, ఆధార్ కాపీ కడపలోనే ఒకరు తీసుకొని, రసీదు ఇచ్చి, వాళ్లకు చేర్చే ఏర్పాటు చేయండి. నాకు హిందీలో మాట్లాడి పెట్టడానికి పక్కింటి కోడలు ఉంది. బ్యాంకులో నాతో పాటు నిలబడిన ముసలాయనకు ఎవరూ లేరు. ఆయన శనక్కాయలు అమ్మిన డబ్బు అట్లనే ఆగిపోయింది. ఎవరు వేసిన డబ్బు వల్ల ఆగిందో కూడా ఆయనకు తెలియదు.

మా వాడు జీతంలోంచి నెలకు మూడు వేలు ఇస్తానన్నాడు. పోయిన శనివారం మొదటి మూడు వేలు తెచ్చి మిషన్ మీద పెట్టాడు. వచ్చే పదో తేదీకి మళ్లీ 24,000 కట్టాలి, ఈసారి అందరూ నోట్లే తెచ్చి ఇస్తున్నారు. నేను ఈమెయిల్ పంపి ఈరోజుకు ఇరవై ఆరు రోజులైంది. ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం లీడర్,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.
(పిల్లవాడి భవిష్యత్తు కోసం నా పేరు వేయవద్దని మనవి.)