జాక్ లారీ ఎక్కాలంటే ముందు లారీ సిద్ధం కావాలి

సంపాదకులకు నమస్కారం.

సరుకు పేర్చిన పలకల చట్రాన్ని, అంటే ప్యాలెట్‌ను ఎత్తి, వెనకాలే తానూ లారీలోకి ఎక్కే ప్యాలెట్ జాక్‌లు డాక్ (లారీ తొట్టి ఎత్తున కట్టిన అరుగు) లేని గోదాములకు, చిన్న పంపిణీదారులకు బాగా పనికొస్తాయి. హమాలీల నడుము కాపాడే యంత్రం ఏదైనా రావలసిందే. కానీ కొనేవాళ్లు ధర, ఎత్తే బరువు అడిగి ఊరుకుంటే చాలదు. అసలు ప్రమాదం లారీ వెనక అంచు దగ్గర పొంచి ఉంటుంది.

మోడల్‌ను బట్టి చిన్న తేడాలున్నా పని తీరు ఒకటే. ఫోర్కులు, అంటే ప్యాలెట్ కిందికి దూరే రెండు ఇనుప చేతులు, సరుకును లారీ తొట్టి కంటే కాస్త పైకి లేపుతాయి. యంత్రాన్ని అంచుకు ఆనేదాకా తోసి, ఫోర్కుల కింది రోలర్లు తొట్టిలో కూర్చునేలా దించాలి. దించే బటన్ ఇంకా నొక్కి ఉంచితే యంత్రమే నేల వదిలి పైకి లేస్తుంది. అప్పుడు లోపలికి తోయాలి.

నేల వదిలాక, నేల మీది చక్రాల బ్రేకుకు ఇక పని ఉండదు. సరుకు బరువు, యంత్రం బరువు కలిసి వెనక ఇరుసుకు అవతల, తొట్టి చివరి భాగం మీద పడతాయి. కమాను పట్టీలు అణుగుతాయి, అంచు కుంగుతుంది, తొట్టి వెనక్కి వాలుతుంది. అంతా హ్యాండిల్ పట్టుకున్న మనిషి మీదికే దొర్లుతుంది. అందుకే బండి చదును నేల మీదే ఆగాలి. హ్యాండ్‌బ్రేకు ఒక్కటి చాలదు, చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మెలు పెట్టాలి, చాసిస్ (బండి కింది ఇనుప చట్రం) చివర రెండు వైపులా దాన్ని కింది నుంచి ఆపే స్టాండ్లు నిలబెట్టాలి. స్టాండ్లు పెట్టడానికి రెండు నిమిషాలు పట్టదు, కానీ అందరూ వదిలేసేది దాన్నే. సరుకుకూ క్యాబిన్ గోడకూ మధ్య ఎవరూ నిలబడకూడదు.

బరువు లెక్క కూడా తప్పుతోంది. టన్ను జాక్ అంటే 50 కిలోల సిమెంటు బస్తాలు 20 అనుకుంటారు. చెక్క ప్యాలెట్ బరువే 20, 25 కిలోలు ఉంటుంది కాబట్టి 19 బస్తాల దగ్గరే ఆపాలి. అదీ బరువు మధ్యస్థానం ఫోర్కు మొదలు నుంచి, జాక్‌కు బిగించిన ప్లేటు మీద రాసినంత దూరంలో, సాధారణంగా 600 మిల్లీమీటర్లలో ఉంటేనే. ఇక జాక్‌ను కూడా బండిలో తీసుకెళ్తే దాని బరువూ లోడు కిందే లెక్క. సుమారు 750 కిలోలు మోసే టాటా ఏస్‌లో 250 కిలోల యంత్రం ఎక్కిస్తే సరుకుకు మిగిలేది 500 కిలోలే.

అడుగున అడ్డపలకలు బిగించిన ప్యాలెట్లు చాలా మోడళ్లకు కుదరవు, ఫోర్కుల కింద ఉండే కాళ్లు లోపలికి దూరవు. చిన్న పాలీయురెథేన్ చక్రాలు కంకరలో, మట్టిలో ఇరుక్కుంటాయి. విడిబస్తాలతో నడిచే మార్కెట్ యార్డుల్లో ప్యాలెట్లే లేనప్పుడు దీనికి పనే లేదు. బ్యాటరీ సగంలో అయిపోతే సరుకు గాలిలో ఆగిపోతుంది. చేత్తో దించే వాల్వు ఎక్కడుందో నడిపే మనిషికి మొదటి రోజే చూపించాలి.

విజయవాడ ఆటోనగర్‌లోనూ, ఇతర చోట్లా లారీ బాడీలు కట్టేవారికి ఒక మనవి. తొట్టి ఎత్తు బండి బండికీ మారుతుంది. చెక్క పలకల సందుల్లో రోలరు దిగబడుతుంది. వెనక అంచున పైకి లేచిన ఇనుప పట్టీ ఉంటే రోలరు దాన్ని దాటలేదు. తొట్టి చివరి 4 అడుగులకు పలకల మీద ఇనుప రేకు చదునుగా పరిచి, అంచు పట్టీని రేకు మట్టానికి దించి, చాసిస్‌కు స్టాండ్లు తగిలించే చోటు వెల్డింగు చేసి ఇవ్వండి. బాడీ కట్టేటప్పుడే అయితే ఇదంతా చిన్న పని.

కొనేవాళ్లు మాత్రం డెమో మీ లారీ మీదే, మీ సరుకుతో, ఖాళీ ప్యాలెట్‌తో మొదలుపెట్టి పూర్తి బరువు దాకా చూపించమని అడగండి. షోరూము నునుపు నేల మీద చూపించి సరిపెడితే ఒప్పుకోకండి.

– గోదాము భద్రతా పర్యవేక్షకులు, విజయవాడ