ఒకే గాటన కడితేనే మంచిది

జెర్సీ సిటీ

చిరంజీవి కీర్తికి అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నేను నీ మాటకి అడ్డు రాలేదు. అంతమాత్రాన ఒప్పుకున్నానని అనుకోకు. కోపంలో ఉన్నావు కదా, తీరిగ్గా రాద్దామని ఊరుకున్నాను.

న్యూయార్క్ నాటకాలకి అవార్డులిచ్చే డ్రామా డెస్క్ వాళ్ళు బ్రాడ్వే పెద్ద థియేటర్లనీ ఆఫ్-బ్రాడ్వే చిన్న హాళ్ళనీ ఒకే గాటన కట్టడం అన్యాయమని నీ వాదన. బోలెడు డబ్బు పోసి తీసిన మ్యూజికల్ (పాటల నాటకం) పక్కన రెండు వందల సీట్ల హాల్లో ఆడిన నాటకాన్ని నిలబెడితే, అది ఎవరి కంటికి ఆనుతుందని నీ బాధ. ఆఫ్-బ్రాడ్వేకి మాత్రమే ఇచ్చే లూసిల్ లోర్టెల్ అవార్డుల్లాగా చిన్నవాటికి చిన్నవాటితోనే పోటీ పెట్టాలంటావు. నాటక విమర్శకుల సంఘం ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ వాళ్ళు కూడా ఆఫ్-బ్రాడ్వే నాటకాలకి వేరే విభాగాలు పెట్టారు. వాటి గౌరవం వాటికుంది, కాదనను. కానీ పెద్దవాళ్ళ పంక్తిలో మనకూ ఒక విస్తరి వేసే చోటు ఒకటుంటే, దాన్ని మనమే లేచి వదులుకోవడం ఏమిటి చెప్పు?

‘కింబర్లీ అకింబో’ గుర్తు చేసుకో. 2021 చివర్లో ఇక్కణ్ణుంచి న్యూయార్క్ వెళ్ళే పాత్ రైలులో ఇరవై మూడో వీధి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ అట్లాంటిక్ థియేటర్‌కి వెళ్ళాం. ఒకప్పటి చర్చి భవనం అది, సీట్లు రెండు వందలు కూడా ఉండవు. ముఖ్యపాత్ర వేసిన విక్టోరియా క్లార్క్‌కి అప్పటికే అరవై దాటాయి. వేసింది పదహారేళ్ళ పిల్ల వేషం. వయసు మామూలు కంటే ఎన్నో రెట్ల వేగంతో మీదపడే జబ్బు ఉన్న పిల్ల. ఆవిడ భుజాలు కొంచెం ముందుకి వంచి, ఎవరైనా పలకరిస్తే ఒక్క క్షణం ఆగి, అప్పుడు నవ్వేది. స్కూలు పిల్లల బిడియం అచ్చంగా అలాగే ఉంటుంది. మనం కూర్చున్న చోటికి ఆ ఒక్క క్షణం కూడా కనపడింది. అంత దగ్గరగా చూడగలగడమే ఆఫ్-బ్రాడ్వే అంటే.

ఆ నాటకానికే 2022లో డ్రామా డెస్క్ ఉత్తమ మ్యూజికల్ అవార్డు వచ్చింది. అప్పటికి అది బ్రాడ్వే గడప తొక్కలేదు. బ్రాడ్వే నాటకాలన్నిటితో పాటు నిలబడి గెలిచింది. బ్రాడ్వే నాటకాలకే ఇచ్చే టోనీ అవార్డు అందింది 2023లో, బ్రాడ్వేలోని బూత్ థియేటర్‌కి మారాక. అయిదు వందల సీట్లు, ఆపైన ఉన్న ఆ 41 థియేటర్లలో ఆడితే తప్ప టోనీ వాళ్ళు పట్టించుకోరు కదా.

‘హామిల్టన్’ సంగతీ అంతే. ఆఫ్-బ్రాడ్వేలో, పబ్లిక్ థియేటర్‌లో ఆడినదానికే 2015లో డ్రామా డెస్క్ ఇచ్చారు. మరుసటి ఏడు టోనీల్లో పదకొండు కొట్టి ఊరంతా మోగిపోతుంటే, డ్రామా డెస్క్ ఉత్తమ మ్యూజికల్ ‘షఫుల్ అలాంగ్’కి వెళ్ళింది. ఎందుకంటే ‘హామిల్టన్’ లెక్క వాళ్ళు చిన్న హాల్లోనే చూసేశారు. ఒకసారి చూసినదాన్ని, బ్రాడ్వేకి వెళ్ళినంత మాత్రాన మళ్ళీ మొదటినుంచి చూడరు. ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టం. పెద్ద హాల్లో ఆడితేనే అసలు నాటకం, అంతకుముందు ఆడినదంతా రిహార్సల్ అనే ఆలోచనకి ఇంతకంటే గట్టి జవాబు లేదు. విడి జాబితా పెట్టిన రోజున ఈ జవాబు కూడా పోతుంది.

2023 నుంచి డ్రామా డెస్క్ వాళ్ళు నటుడు, నటి అనే తేడా తీసేసి, ఒక్కో నటన విభాగంలో ఇద్దరికి ఇస్తున్నారు. అడ్డుగోడలు కూలుస్తున్న చోట నువ్వు కొత్త గోడ కడదామంటున్నావు.

ఆఫ్-బ్రాడ్వేకి ఇచ్చే ఓబీ అవార్డులే నయం అన్నావు. 1956లో విలేజ్ వాయిస్ పత్రిక మొదలుపెట్టిన ఆ అవార్డులకి నామినేషన్లు ప్రకటించరు, కచ్చితమైన విభాగాలూ పెద్దగా ఉండవు. నచ్చినవాళ్ళకి, నచ్చిన పనికి ఇస్తారు. కొత్తవాళ్ళని వెలికితీయడానికి అది మంచి పద్ధతే. కానీ జాబితా అంటూ లేకపోతే ఎవర్ని వదిలేశారో ఎవరికి తెలుస్తుంది? నిన్న నువ్వు అరగంట సేపు పోట్లాడగలిగావంటే అయిదారు పేర్లు ఎదురుగా ఉండబట్టే కదా!

ఇక నీ అసలు బాధ దగ్గరికి వస్తాను. నవంబరులో మనం చూసిన ఆ చిన్న నాటకం పేరు డ్రామా డెస్క్ నామినేషన్ల జాబితాలో లేకపోవడం నాకూ కష్టంగానే ఉంది. అందులో అక్క వేషం వేసిన అమ్మాయి ఉత్తరం చదవకుండానే మడతపెట్టిన తీరు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఆ నాటకం అయిదు వారాలు ఆడి వెళ్ళిపోయింది. నామినేషన్లు తేల్చే ఏప్రిల్ వచ్చేసరికి బ్రాడ్వేలో వరసపెట్టి కొత్తవి దిగుతాయి, చివరి వారాల్లో ఇక ఊపిరాడదు. తాజాగా చూసిందే మనసులో ఉంటుంది, నాటకాలు చూసే ఎవరికైనా. నాకు తోచిన మార్గం ఒకటే. నామినేట్ చేసే కమిటీ డిసెంబరులో ఒకసారి కూర్చుని, అప్పటిదాకా చూసినవాటిలో మంచివాటి పేర్లు రాసుకుని బయటపెట్టాలి. ఏప్రిల్‌లో అందులోంచి ఏది తీసేసినా ఎందుకు తీసేశారో వాళ్ళలో వాళ్ళయినా చెప్పుకోవాల్సి వస్తుంది. నువ్వు అడగాల్సింది ఇది. వేరే పంక్తి కాదు.

ఆ అమ్మాయిది ముఖ్యపాత్ర అని నువ్వంటావు, సహాయపాత్రే అని నేనంటాను. రెండో అంకంలో సగం సేపు ఆమె స్టేజీ మీదే లేదు. దీని మీద మాత్రం వెనక్కి తగ్గను. నీ వాదన ఏమిటో రాసి పంపు.

అమ్మ