ఏ బోగీలో చోటుందో ప్లాట్‌ఫాం మీదే చెప్పాలి

ఎడిటర్ గారికి,

పొద్దున సికింద్రాబాద్ వెళ్లే బండి వరంగల్‌లోనో కాజీపేటలోనో ఆగగానే జనమంతా మెట్ల వంతెనకు దగ్గరున్న రెండు మూడు తలుపుల మీదే పడతారు. నాలుగు బోగీల అవతల సీటే దొరకవచ్చు, కానీ ఆ సంగతి ఎక్కేవాళ్లకు తెలిసే దారి లేదు. కోచ్ ఇండికేషన్ బోర్డు డీ-1 పెట్టె ఎక్కడ ఆగుతుందో చెప్తుంది, లోపల ఎంతమంది ఉన్నారో చెప్పదు. టికెట్ల లెక్కతోనూ తేలదు. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ కొన్నవాళ్లు మూడు గంటల్లో ఏ బండైనా ఎక్కవచ్చు, ఇక సీజన్ టికెట్ వాళ్లు ఏ రోజు ఏ బండి ఎక్కుతారో ఏ కంప్యూటర్‌కూ తెలియదు.

టోక్యోలో యమనోతే లైన్ బండ్ల రద్దీ పెట్టెపెట్టెకూ ఫోన్ యాప్‌లో కనిపిస్తుంది. లండన్ థేమ్స్‌లింక్‌లో 8, 12 పెట్టెల బండ్లు నడుస్తాయి. ఏ పెట్టెలో ఖాళీ ఉందో బండి లోపలి తెరలే చూపిస్తాయి. దీనికి ఆధారం పెట్టె బరువు. మనం పెట్టె మొత్తాన్నీ బోగీ అంటాం గానీ, రైల్వేవాళ్లకు బోగీ అంటే కింది చక్రాల చట్రం. ఎయిర్ స్ప్రింగుల పెట్టెలో ఒక్కో చట్రం మీద రెండేసి చొప్పున నాలుగు గాలి తిత్తులుంటాయి. జనం ఎక్కేకొద్దీ పెట్టె కుంగకుండా లెవెలింగ్ వాల్వు తిత్తుల్లోకి గాలి పంపుతుంది, దాంతో ఒత్తిడి పెరుగుతుంది. బరువుకు తగ్గట్టు బ్రేకు వేయడానికి చాలా లోకల్ బండ్లలో ఈ ఒత్తిడిని ఎలాగూ వాడుకుంటారు. దాన్ని బరువుగా మార్చి, ఖాళీ పెట్టె బరువు తీసేసి, మిగిలింది మనిషికి 65 కిలోల లెక్కన పంచితే లోపలెందరున్నారో తెలుస్తుంది. 100 సీట్ల పెట్టెలో 250 మంది ఉంటే అది 16 టన్నుల పైచిలుకు. ఒక టన్ను అటూ ఇటూ అయినా 15 మందే తేడా. సీటుంది, నిలబడాలి, కాలు పెట్టలేరు అని మూడు మెట్లలో చెప్పడానికి అది చాలు. కచ్చితమైన సంఖ్య చూపాలని మాత్రం ఆశపడొద్దు.

ఎప్పుడు కొలుస్తామన్నదాని మీదే అంతా ఉంది. ప్లాట్‌ఫాం మీద జనం ఎక్కుతూ దిగుతూ ఉండగా, వాల్వు ఇంకా సర్దుకోకముందే తీసిన అంకె పనికిరాదు. బండి కదిలాక అర నిమిషమైనా ఆగి, నాలుగు తిత్తుల సగటు తీయాలి. వంపుల్లో ఒక పక్క తిత్తి మీద భారం ఎక్కువ పడుతుంది, అందుకని ఒక్క తిత్తిని నమ్మకూడదు. మరుగుదొడ్ల నీళ్లూ లెక్క తప్పిస్తాయి. వెయ్యి లీటర్లంటే టన్ను, అంటే నీళ్లు నింపిన చోట 15 మంది కొత్తగా ఎక్కినట్టే కనిపిస్తుంది. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు వచ్చే మూటలూ అంతే. మేడారం జాతర రోజుల్లో నిలువెత్తు బంగారం మొక్కుకుని తమ బరువంత బెల్లంతో వచ్చే భక్తుడిని ఈ యంత్రం ఇద్దరిగా లెక్కిస్తుంది. అయితే మూట కూడా చోటు ఆక్రమించేదే కాబట్టి అది పెద్ద తప్పు కాదు.

ఇనుప స్ప్రింగుల మీద నడిచే ఎక్స్‌ప్రెస్ పెట్టెల్లో ఈ దారి లేదు. వాటికి తలుపుల పైన మనుషులను లెక్కించే సెన్సర్లు పెట్టాలి. మన దగ్గర చిక్కు అక్కడే వస్తుంది. తలుపులు తెరిచే ఉంటాయి, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ మనిషి అటూ ఇటూ ఊగితే పదిసార్లు ఎక్కి దిగినట్టు నమోదవుతుంది. పక్కపక్కనే ఎక్కిన ఇద్దరు ఒక్కరవుతారు. వెస్టిబ్యూల్ (రెండు పెట్టెలను కలిపే దారి) గుండా పక్క పెట్టెలోకి వెళ్లినవాళ్లు అసలు కనిపించరు. తప్పు మీద తప్పు పేరుకుంటుంది గనుక చివరి స్టేషన్‌లో ప్రతిసారీ లెక్కను సున్నా చేయాలి. అందుకే ముందుగా ఎయిర్ స్ప్రింగులున్న మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండ్లు), ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్) బండ్లతో మొదలుపెట్టడం మంచిది.

సమాచారం ఫోన్‌లో ఉంటే చాలదు, ప్లాట్‌ఫాం మీద ఉండాలి. 22 పెట్టెల బండి అర కిలోమీటరు పొడవు. సంచితో 200 మీటర్లు నడవాలంటే మూడు నిమిషాలు పడుతుంది, బండి ఆగేదేమో రెండు నిమిషాలు. కాబట్టి కనీసం ఐదు నిమిషాల ముందే చెప్పాలి. వరంగల్ నుంచి కాజీపేట 10 కిలోమీటర్లు. వరంగల్ దాటగానే తీసిన కొలత కాజీపేట బోర్డు మీదికి అందడానికి వ్యవధి ఉంది. ఇప్పుడున్న కోచ్ బోర్డుల్లోనే పెట్టె పేరు పక్కన ఒకటి, రెండు, మూడు మనిషి బొమ్మలు వేస్తే చదువు రానివాళ్లకూ, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకూ అర్థమవుతుంది. ఇంజన్ వైపు నుంచి ఎన్నో పెట్టె ఖాళీయో మైకులోనూ చెప్పాలి.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. రేక్, అంటే బండిలోని పెట్టెల గొలుసు మొత్తం, ముందువెనకలు మారి వస్తే పెట్టెల వరుస మారుతుంది. వరుస తప్పితే జనాన్ని నిండిన పెట్టెవైపే పరుగెత్తించినట్టవుతుంది, అది బోర్డు లేకపోవడం కన్నా అన్యాయం. కొత్త కొలత అందకపోతే పాత బొమ్మను ఉంచకుండా తీసేయాలి. సాయంత్రం బండ్లలో ఇంకో సంగతి ఉంది. కిక్కిరిసి వచ్చిన పెట్టెలో సగం మంది జనగామలోనే దిగిపోవచ్చు. ఎవరెక్కడ దిగుతారో కొన్ని వారాల కొలతలు చూసి, దిగాక మిగిలే రద్దీని చూపాలి.

అన్ని పెట్టెలూ నిండిన రోజు ఏ బోర్డూ సీటు పుట్టించలేదు, నిజమే. కానీ స్టేషన్ వారీగా, పెట్టె వారీగా ఆ కొలతలు భద్రపరిస్తే జనరల్ పెట్టెలు పెంచమని అడగడానికి వినతిపత్రాలకు బదులు లెక్కలే చూపవచ్చు.

2023 జూలై 8న ప్రధాని శంకుస్థాపన చేసిన కాజీపేట ఫ్యాక్టరీలో వ్యాగన్లతో పాటు కోచ్‌లు కూడా తయారు కావాల్సి ఉంది. పెట్టె కట్టేటప్పుడే ప్రెషర్ సెన్సర్లు బిగించడం తేలిక. నడుస్తున్న పెట్టెకు బిగించాలంటే షెడ్డులో ఆపి, గాలి గొట్టాలు విప్పి, కొత్త వైర్లు లాగాలి. దక్షిణ మధ్య రైల్వే ముందుగా ఒక్క మెము రేక్‌కు దీన్ని అమర్చి, వరంగల్, కాజీపేట, జనగామ బోర్డుల మీద ఆరు నెలలు చూపించాలని, ఆ కొలతలను ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాం.

— క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగం విశ్రాంత ఉద్యోగులు కొందరు, కాజీపేట