డెన్వర్ తెలుగు బేస్‌బాల్ అభిమానుల బృందం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక అందరి చేతికీ అందాలని మన నియమావళిలో ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. పోయిన ఏడాది నివేదికను ఎంతమంది చివరిదాకా చదివారో నాకు తెలుసు కాబట్టి ఈసారి ముఖ్యమైన సంగతి ముందే చెప్పేస్తాను. ఆగస్టులో మనం పెట్టిన బ్యాటింగ్ అంకెల సభ ఈ బృందం మొదలయ్యాక చేసిన పనులన్నిటిలోకీ మంచిది. రానివాళ్లు పోగొట్టుకున్నారు.

సీజన్ గురించి రెండు మాటలు చాలు. మన డెన్వర్ జట్టు రాకీస్ 162 ఆటల్లో 43 గెలిచి 119 ఓడారు. కొట్టిన పరుగులు 597, ఇచ్చినవి 1,021. 1900 తర్వాత ఏ జట్టూ ఇంత తేడాతో సీజన్ ముగించలేదు. మే నెలలో శాన్ డియేగో చేతిలో 21-0తో ఓడిన రాత్రి చివరి ఇన్నింగ్స్ దాకా కుర్చీలు వదలని కుటుంబాలకు కార్యవర్గం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు. జట్టు మేనేజర్ (ప్రధాన కోచ్) ఉద్యోగం మర్నాడే పోయింది, మన సభ్యత్వాలు మాత్రం పోలేదు.

ఇక సభ విషయం. మన వాట్సాప్ గ్రూప్‌లో ప్రతి వారం ఒకటే గొడవ అని అందరికీ తెలుసు. "మనవాళ్లు కొడతారండీ, పిచ్చర్లే ముంచుతున్నారు" అని ఒక వర్గం (పిచ్చర్లంటే బంతి విసిరేవాళ్లు). "ఆ కొట్టుడంతా కొండ గాలి దయ" అని ఇంకో వర్గం. గ్రూప్‌లో తెల్లవార్లూ టైప్ చేసుకునే బదులు ఒక హాల్లో కూర్చుని అంకెలు ముందు పెట్టుకుందాం అని అధ్యక్షులు అన్నారు. మిడిల్ స్కూల్ పిల్లలు చార్టులు గీశారు, పెద్దలు వాదించారు. పులిహోర, మిర్చి బజ్జీలు సభ మొదలవకముందే అయిపోయాయి.

పిల్లలు 1996 సీజన్‌తో మొదలుపెట్టారు. ఆ ఏడాది రాకీస్ 961 పరుగులు చేశారు, నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి, రెండోది అమెరికన్ లీగ్) అందరికన్నా ఎక్కువ. గాలరాగా, బర్క్స్, కాస్టియా ముగ్గురూ తలా 40 లేదా అంతకు మించి హోమ్ రన్లు (మన సిక్సర్ లాగా గోడ దాటే దెబ్బలు) కొట్టారు. కాగితం మీద చూస్తే అరివీర భయంకరమైన జట్టు. అప్పుడు పిల్లలు చార్టును రెండు ముక్కలు చేశారు: సొంత మైదానంలో 658, బయట 303. అంటే ఇంట్లో ఆటకు ఎనిమిది పరుగులు, బయట నాలుగు కూడా లేవు. ఇంట్లో 55 గెలిచి 26 ఓడిన జట్టు, బయట 28 గెలిచి 53 ఓడింది. పైగా ఆ ఏడాది వాళ్లు ఇచ్చిన పరుగులు 964. వచ్చిన జట్టు కూడా అదే గాలిలో బ్యాటింగ్ చేస్తుంది కదా!

రాకీస్ సొంత మైదానం కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి దాదాపు 5,200 అడుగుల ఎత్తున, అంటే ఇంచుమించు ఒక మైలు ఎత్తున ఉందని మనం ఇండియా నుంచి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేదే. పై అంతస్తులో 20వ వరస కుర్చీలు ఊదా రంగులో ఉండేది, సరిగ్గా మైలు ఎత్తు, అంటే 5,280 అడుగులు, అక్కడే కాబట్టి. గాలి పలచన కాబట్టి మామూలు ఊళ్లో 400 అడుగులు పోయే బంతి ఇక్కడ ఇంకో 20 అడుగులైనా పోతుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు కిటుకు మైదానం కొలతల్లో ఉంది. హోమ్ రన్లు మరీ ఎక్కువైపోకుండా 1995లో స్టేడియం కట్టినప్పుడే గోడలు దూరంగా పెట్టారు, మధ్యలో 415 అడుగులు. దాంతో ఔట్‌ఫీల్డర్లు కాయాల్సిన జాగా విశాలమైపోయింది. వాళ్ల ముందు పడే సింగిల్స్ (ఒక బేస్ దాకా చేర్చే హిట్లు), వాళ్ల మధ్య నుంచి దూసుకుపోయే డబుల్స్, ట్రిపుల్స్ (రెండు, మూడు బేస్‌ల దాకా చేర్చేవి) పెరిగాయి. కాబట్టి ఉబ్బేది హోమ్ రన్లే కాదు, బ్యాటింగ్ సగటు (బేస్‌బాల్‌లో ఇది పరుగుల లెక్క కాదు, కొట్టే ప్రయత్నాల్లో హిట్లు ఎంత వంతు అన్నది) కూడా. 2002 నుంచి బంతుల్ని హ్యూమిడార్‌లో (తేమ అదుపులో ఉంచే గది) తేమ పట్టించి వాడుతున్నారు, అలాంటి బంతి అంత దూరం పోదు. 1999లో ఒక్క సీజన్లో రెండు జట్లూ కలిపి అక్కడ 303 హోమ్ రన్లు కొట్టిన రోజులు మళ్లీ రాలేదు కానీ, మైదానం మాత్రం ఇప్పటికీ బ్యాటర్ల పక్షమే.

అప్పుడు అరోరా నుంచి వచ్చిన ఒక పెద్దాయన (మన సభ్యుడి మామగారు, ఉప్పల్ దగ్గర ఇల్లు) లేచి, "ఇందులో కొత్తేముందయ్యా? 2024లో మన సన్‌రైజర్స్ ఉప్పల్‌లో 277 కొట్టారు, బెంగళూరులో 287 కొట్టారు, ఫైనల్‌కి చెన్నై పోయి 113కి ఆలౌటయ్యారు" అన్నారు. హాలంతా చప్పట్లు. ఒక్క ఆటను బట్టి జట్టును తేల్చకూడదని పిల్లలు మర్యాదగానే జవాబిచ్చారు. బేస్‌బాల్‌లో సగం ఆటలు, అంటే 81, ఒకే చోట ఆడతారు కాబట్టి అక్కడి ఉబ్బు సీజన్ మొత్తం అంకెల్లోకి ఎక్కుతుందని కూడా చెప్పారు.

తర్వాత ఇద్దరు రాకీస్ ఆటగాళ్లను పక్కపక్కన పెట్టారు. 1995లో డాంటే బిషెట్ 40 హోమ్ రన్లు కొట్టి ఎంవీపీ (లీగ్‌లో ఏడాది మేటి ఆటగాడి అవార్డు) ఓట్లలో రెండో స్థానంలో నిలిచాడు. ఆ నలభైలో 31 ఇంట్లో, 9 బయట. రెండేళ్ల తర్వాత ల్యారీ వాకర్ 49 కొట్టి ఎంవీపీ అయ్యాడు. అందులో 29 బయట కొట్టినవే! అయినా కూర్స్ ఫీల్డ్ ఆటగాడన్న ముద్ర పడి వాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు (బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా) చివరి అవకాశం దాకా, 2020 దాకా ఆగాల్సి వచ్చింది. ఒకే మైదానం ఒకడిని పెంచి చూపింది, ఇంకొకడి నిజమైన గొప్పతనాన్ని అనుమానంలో పడేసింది. నా మటుకు సభ మొత్తంలో నన్ను కదిలించిన చార్టు ఇదే.

"అయితే బయటి అంకెలే అసలైనవి" అని వెనక వరస నుంచి ఎవరో తీర్పు ఇచ్చేశారు. పార్కర్‌లో ఉండే మన సభ్యురాలు, ఏరోస్పేస్ ఇంజినీరు, లేచి ఆ తీర్పును కొట్టేశారు. పలచని గాలిలో కర్వ్, స్లైడర్ లాంటి వంపు తిరిగే బంతులు సరిగా తిరగవు. రాకీస్ బ్యాటర్ వారం రోజులు ఆ తిరగని బంతులకు అలవాటు పడి కింది ఊళ్లకు దిగితే, అక్కడ అదే బంతి బాగా తిరుగుతుంది, కన్ను కుదురుకోదు. అంటే బయటి అంకెలు అతని అసలు సత్తా కన్నా తక్కువ చూపిస్తాయి. సాక్ష్యానికి డీజే లమెహ్యూను తెచ్చారు. "బయట ఆడలేడు" అని పేరుపడ్డ ఇతను రాకీస్‌ను వదిలి న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లి 2019లో .327 సగటుతో కొట్టాడు, 2020లో .364తో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. నోలన్ అరెనాడో కూడా రాకీస్ నుంచి సెయింట్ లూయిస్ వెళ్లాక 2022లో ఎంవీపీ ఓట్లలో మూడో స్థానంలో నిలిచాడు. కాబట్టి ఇంటి అంకెలూ పూర్తి నిజం కాదు, బయటివీ కాదు. మైదానాన్ని లెక్కలోకి తీసుకుని, లీగ్ సగటును 100గా పెట్టి కట్టే ఓపీఎస్ ప్లస్, డబ్ల్యూఆర్‌సీ ప్లస్ లాంటి బ్యాటింగ్ కొలతలు వీటికన్నా నయం. అయినా కొండ దిగిన బ్యాటర్ ఇబ్బంది వాటిలో సరిగా పట్టదని ఆవిడ వాదన. నాకు సబబుగానే తోచింది.

మైదానం గొడవ లేని జట్టు అంకెలు కూడా మోసం చేస్తాయని చెప్పడానికి చివర్లో 2013 సెయింట్ లూయిస్ కార్డినల్స్ చార్టు పెట్టారు. రన్నర్ రెండో బేస్ మీదో మూడో బేస్ మీదో, అంటే ఒక్క హిట్‌తో పరుగు వచ్చేలా ఉన్నప్పుడు ఆ జట్టు .330 సగటుతో కొట్టి, సీజన్లో 783 పరుగులు చేసి వరల్డ్ సిరీస్ (ఫైనల్) దాకా వెళ్లింది. అవసరానికి కొట్టడం వాళ్లకు వచ్చిన విద్య అని అందరూ అన్నారు. మరుసటి ఏడాది పరుగులు 619కి పడిపోయాయి. విద్య అయితే ఒక్క చలికాలంలో మర్చిపోరు. హిట్లు సరైన సమయంలో వరసగా పడటంలో అదృష్టం పాలు చాలా ఉంది. అందుకే మొత్తం పరుగుల కన్నా, బేస్ మీదికి ఎంత తరచుగా చేరుతున్నారు, ఎన్ని అదనపు బేస్‌లు తీస్తున్నారు అన్నది చూస్తే వచ్చే ఏడాది గురించి ఎక్కువ తెలుస్తుంది.

గ్రూప్‌లోని మొదటి వర్గానికి మాత్రం సభ ఒక గట్టి జవాబు ఇచ్చింది. సీజన్ ముగిశాక మొత్తం అంకెలతో అది ఇంకా గట్టిపడింది. బ్యాటర్లకు ఇంత అనుకూలమైన మైదానంలో సగం ఆటలు ఆడి 597 పరుగులంటే, కనిపించే దానికన్నా అధ్వానం. 1,021 ఇచ్చిన పిచ్చర్ల అంకెల్లో కొంత పాపం మైదానానిది. పిచ్చర్లు మంచివాళ్లని నేను అనడం లేదు. తిట్లను సమానంగా పంచమంటున్నాను, అంతే.

కృతజ్ఞతలు. చార్టులు గీసిన పిల్లలకు, వాళ్లను కూర్చోబెట్టిన తల్లులకు, ప్రొజెక్టర్ ఇచ్చిన సభ్యుడికి, బజ్జీలు వేసిన దంపతులకు, పెద్దలను కార్లలో తీసుకొచ్చిన హైలాండ్స్ రాంచ్ కుర్రాళ్లకు, గదిని వారం ముందే మాట్లాడిపెట్టిన ఉపాధ్యక్షురాలికి పేరుపేరునా నమస్సులు. పేర్లు రాయలేదు, ఎందుకంటే ఒక్కరి పేరు మిగిలిపోయినా ఏడాదంతా నాకు టెన్షన్.

ఇంకో మాట, కాస్త కటువుగా. సభకు వాలంటీర్లు కావాలని అడిగితే గ్రూప్‌లో బొటనవేళ్లు బోలెడన్ని లేచాయి. కుర్చీలు వేసే వేళకు నేను, కోశాధికారి గారు, ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఉన్నాం. తీసే వేళకు ఆ అమ్మాయి కూడా లేదు, మర్నాడు పరీక్షట. రాలేకపోతే రాలేమని చెప్పండి, తప్పు లేదు. పిల్లల సాఫ్ట్‌బాల్‌కు మైదానం పర్మిట్ ఇవ్వాల్సిన కార్యాలయం ఏప్రిల్‌లో పెట్టిన దరఖాస్తుకు జూలైలో జవాబిచ్చింది, అదీ ఇంకో ఫారం నింపమని. అందుకే ఈ ఏడాది సాఫ్ట్‌బాల్ జరగలేదు. అడిగినవాళ్లందరికీ ఇదే సమాధానం.

జమాఖర్చులు విడిగా జత చేశాం. చందాలు, హాలు అద్దె, టికెట్లు, తిండి, ఇంతే. బాకీలు లేవు. కొద్దిగా మిగిలింది. రసీదులు చూడాలనుకున్నవారు కోశాధికారి గారిని అడగవచ్చు. సభ్యులు ఆమోదించవలసిందిగా మనవి.

వచ్చే ఏడాది బేస్ రన్నింగ్, ఫీల్డింగ్ అంకెల మీద ఇలాంటి సభే పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదన. మైదానం దరఖాస్తు ఈసారి జనవరిలోనే వేస్తాం. కార్యదర్శి పదవికి నేను మళ్లీ నిలబడటం లేదు. స్కోర్ పుస్తకాలు, చార్టులు, ప్రొజెక్టర్ కేబుల్ మా గరాజ్‌లో ఉన్నాయి. ఎన్నికైనవారు ఏదో ఒక శనివారం వచ్చి తీసుకెళ్లగలరు.

ఇట్లు,
కార్యదర్శి