విద్యార్థి సహాయ విభాగం వార్షిక నివేదిక, 2024–25: సింగపూర్

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

చదువు కోసం సింగపూర్ వచ్చే తెలుగు విద్యార్థులకు మన సంఘం ఈ ఏడాది అందించిన సహాయాన్ని మీ ముందుంచుతున్నాము. పండుగల వివరాలు సాంస్కృతిక విభాగం నివేదికలో ఉన్నాయి కనుక ఇక్కడ ప్రస్తావించడం లేదు. మా శ్రమలో అధికభాగం ఒక్క పనికే పట్టింది: కొత్తగా వచ్చే పిల్లలకు, మోసపోకుండా, ఉండటానికి ఒక గది దొరికేలా చూడటం.

హాస్టల్లో చోటు అందరికీ దొరకదు. అందువల్ల ఆగస్టులో తరగతులు మొదలయ్యేలోపు గది కుదుర్చుకోవాలన్న తొందరలో, హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని, ఫొటోలు మాత్రమే చూసి డిపాజిట్ పంపేవారు ప్రతి ఏటా ఉంటున్నారు. ఈ ఏడాది కూడా కొందరు అలా డబ్బు పోగొట్టుకోవడం మమ్మల్ని ఎంతో బాధించింది. వేసవిలో నిర్వహించిన ఆన్‌లైన్ సమావేశాల్లో మేము పదేపదే చెప్పిన విషయాలు ఇవి. హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఇంటిని గాని, అందులో ఒక గదిని గాని 6 నెలలకు తక్కువ గడువుతో అద్దెకు ఇవ్వకూడదు. ఏజెంటు పేరు ప్రభుత్వ రిజిస్టరులో ఉందో లేదో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. హెచ్‌డీబీ ఇళ్ల అద్దె, డిపాజిట్ సొమ్మును ఏజెంటు తన చేతికి తీసుకోకూడదన్నది నిబంధన కాబట్టి, "నా ఖాతాకు పంపండి" అని ఏజెంటు అన్న మరుక్షణమే ఆ బేరం వదులుకోవాలి. ఒప్పందం మీద స్టాంపు డ్యూటీ, మామూలుగా మొత్తం అద్దెలో 0.4 శాతం, అద్దెకు దిగేవారే కట్టాలి.

పడమటి వైపున్న క్లెమెంటి, జురాంగ్ వెస్ట్ ప్రాంతాల్లో ఉంటున్న మన సభ్యులు కొందరు ఆఫీసు నుండి వస్తూ గదులు చూసి, వీడియో కాల్‌లో విద్యార్థికీ తల్లిదండ్రులకూ చూపించారు. కిటికీ తెరుచుకుంటుందా, ఏసీ రాత్రిపూట మాత్రమేనా, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి అన్న ప్రశ్నలన్నీ ముందే అడిగారు. అన్నిటికంటే ఎక్కువ తగవులు వంట దగ్గరే వచ్చాయి. ప్రకటనలో "లైట్ కుకింగ్" అని ఉంటే, నూడుల్స్ ఉడికించుకోవడం వరకేనని చాలామంది యజమానుల ఉద్దేశం. ఎండుమిర్చి పోపు ఘాటుకు ఇంట్లో పెద్దవాళ్లు దగ్గుతుంటే వారు అభ్యంతరం చెప్పడం న్యాయమే. వంట ఏ వేళల్లో, ఎంతవరకు చేసుకోవచ్చో ఒప్పందంలోనే రాయించుకున్న చోట ఇబ్బంది రాలేదు.

తెలుగువారంతా ఒకే ఇంట్లో చేరితే ఖర్చు తగ్గుతుందన్న మాట నిజమే. అయినా, చైనీయ, మలయ్ కుటుంబాల పొరుగున ఉండే అవకాశాన్ని పిల్లలు వదులుకోకూడదని మా గట్టి అభిప్రాయం. ఒకే జాతివారు ఒక్కచోట గుమిగూడకుండా ప్రతి హెచ్‌డీబీ బ్లాకుకూ ఈ దేశం 1989లోనే పరిమితులు పెట్టింది. అలాంటి ఊరికి వచ్చి భారతీయ దుకాణాలుండే సెరంగూన్ రోడ్డు దాటకుండా తిరిగి వెళ్లడం పెద్ద నష్టం. ఈ ఉద్దేశంతోనే కొత్తవారిని హాకర్ సెంటర్లకు, అంటే చవకైన తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే భోజనశాలలకు, తీసుకువెళ్లి, చైనీయ శాకాహార దుకాణాలు చూపించాము. తిన్న పళ్లేన్ని తామే తిరిగి పెట్టాలనీ, హలాల్ పళ్లేలకు వేరే అర ఉంటుందనీ వివరించాము.

పని విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. ఆమోదిత సంస్థల్లో పూర్తికాలం చదివేవారు తరగతులు జరిగే రోజుల్లో వారానికి 16 గంటల వరకే పార్ట్‌టైమ్ ఉద్యోగం చేయవచ్చు. వేరొకరి ఖాతాతో ఫుడ్ డెలివరీ చేయడం చట్టవిరుద్ధం. దానివల్ల స్టూడెంట్ పాస్‌కే (చదువు కోసం ఇక్కడ ఉండే అనుమతికే) ముప్పు వస్తుంది. ఇంటి నుండి తెచ్చే పచ్చళ్లలో మాంసం పచ్చళ్లు ఉండకూడదని కూడా తల్లిదండ్రులకు తెలియజేశాము.

వచ్చే జూన్ నుండి గదులు చూసి రావడానికి మరింతమంది సభ్యులు అవసరం. పడమటి వైపు నివసించేవారు, వారానికి ఒక్క సాయంత్రం కేటాయించగలిగినా సరే, సర్వసభ్య సమావేశంలోనే తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

విద్యార్థి సహాయ విభాగం