‘ఏ మందు మానేశారు?’ అని అడిగిన అమ్మాయికి

2024 ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం గుంటూరు బ్రాడీపేటలోని ఒక మందుల షాపులో నేను నొప్పుల మందు కొన్నాను. చిల్లర లెక్కపెట్టబోతే చేతులు వణికి నాణేలన్నీ బల్ల మీద పడ్డాయి. బల్ల వెనక ఉన్న అమ్మాయి నాణేలు ఏరుతూ నా వేళ్ల వైపే చూసింది. “అమ్మా, ఈమధ్య ఏదైనా మందు మానేశారా?” అని అడిగింది.

అప్పటికి ఎనిమిది రోజులుగా నేను ఊరంతా తిరుగుతున్నాను. గుండెదడకు ఈసీజీ తీశారు, బాగుందన్నారు. థైరాయిడ్, చక్కెర, రక్తపోటు అన్నీ చూశారు. వెళ్లిన ప్రతిచోటా “ఏం మందులు వాడుతున్నారు?” అని అడిగారు. “ఏమీ లేవండీ” అన్నాను. అది అబద్ధం కాదు. నిజంగానే అప్పుడు ఏ మందూ వాడటం లేదు. మానేసినదాని గురించి వాళ్లు అడగలేదు, నాకు చెప్పాలని తోచలేదు. నిద్రమాత్ర మానేయడం మంచి పనే కదా, మంచి పని చేస్తే జబ్బు వస్తుందని ఎవరనుకుంటారు?

2021లో గర్భసంచి ఆపరేషన్ తర్వాత నాకు నిద్ర కరువైంది. రాత్రికి ఒకటి చొప్పున అర మిల్లీగ్రాము క్లోనాజెపామ్ అనే నిద్రమాత్ర నెల రోజులకు రాసిచ్చారు. నిద్ర పట్టింది. నెల తర్వాత మళ్లీ వెళ్లి చూపించుకోవలసింది, వెళ్లలేదు. ఆ పాత చీటీ చూపించే దాదాపు మూడేళ్లు మాత్రలు కొన్నాను. కొన్నందుకు నా తప్పు ఉంది, ఇచ్చినవాళ్ల తప్పూ ఉంది. మాఘమాసంలో ఒక పెళ్లిలో బంధువు ఒకావిడ నా సంచిలోని మాత్రల అట్ట చూసి, “పిల్లలకు పాఠాలు చెప్పేదానివి, నిద్రమాత్రలకు బానిసవయ్యావా?” అని నలుగురిలో అన్నది. ఆ మాట గుండెల్లో ముల్లులా దిగింది. ఇంటికి రాగానే మిగిలిన మాత్రలన్నీ చెత్తబుట్టలో వేశాను.

మొదటి రెండు రాత్రులు పెద్దగా ఏమీ కాలేదు. ఆ మందు శరీరంలోంచి నెమ్మదిగా పోతుందని, అందుకే ఆలస్యంగా మొదలవుతుందని తర్వాత తెలిసింది. మూడో రాత్రి అసలు కన్ను మూతపడలేదు. ఐదో రోజుకు లోపలి గుడ్డలు కూడా తడిసేంత చెమట. చర్మం కింద చీమలు పాకినట్టు ఉండేది. నోట్లో ఇనుము రుచి. నిలబడితే నేల పడవలా ఊగేది. అన్నిటికన్నా భయపెట్టింది వేరే ఉంది. తరగతిలో నల్లబల్ల ముందు నిలబడితే పిల్లలు, గోడలు, నా గొంతు అన్నీ అద్దానికి అవతల ఉన్నట్టు అనిపించేది. పిచ్చి పడుతున్నదనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. ఎవరో దిష్టి అన్నారు, ఎవరో వయసు మార్పు అన్నారు.

ఆ అమ్మాయికి మాత్రం చెప్పేశాను. వినగానే షాపు బయట కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. “ఇది భయం వల్ల వచ్చింది కాదమ్మా, మందు ఒక్కసారిగా ఆపినందుకు వచ్చింది. ఫిట్స్ కూడా రావచ్చు. ఇవాళే మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లాలి” అన్నది. ఒక్క మాత్ర ఇవ్వమని బతిమాలాను. ఇవ్వలేదు. ఈ మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. మూడేళ్లలో ఆ మాట నాకు చెప్పిన మొదటి మనిషి ఆమె. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ ‘ఇవ్వలేను’ అన్న మాటకే అందరికన్నా ముందు నమస్కారం పెడుతున్నాను. వద్దని ఊరుకోలేదు కూడా. కొత్తపేటలో ఒక డాక్టరుగారికి తానే ఫోను చేసింది, మా వారికి చేసింది, ఆటో మాట్లాడి నన్ను ఎక్కించింది. శంకర్ విలాస్ వంతెన మీద ఆటో ఆగితే వెనక వాహనాల హారన్లు చెవుల్లో మేకుల్లా దిగాయి. ఆటో ఎక్కించేటప్పుడు ఆ అమ్మాయి ఒక చీటీ మీద మందు పేరు, మోతాదు, మానేసిన తేదీ రాసి నా చేతిలో పెట్టింది. ఆ చీటీని పిడికిట్లో బిగించి పట్టుకుని వెళ్లాను.

డాక్టరుగారికి నా కృతజ్ఞత రెండు మాటలకు. మొదటిది: “మీరు బానిస కారు. మందు కోసం వెంపర్లాడటం వేరు, రోజూ వాడిన మందుకు శరీరం అలవాటుపడటం వేరు.” పెళ్లిలో దిగిన ముల్లు అక్కడ ఊడింది. రెండోది ఆయన ఓపికగా విడమరిచిన సంగతి. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం ఉంటుంది. ఈ మాత్ర దాని పనిని పెంచుతుంది. రోజూ మాత్ర తోడుంటే మెదడు తన వంతు తగ్గించుకుంటుంది. ఉన్నట్టుండి మాత్ర పోతే అదుపు చేసేది ఏమీ మిగలదు. “మీది ఏ ఊరు?” అని అడిగారు. దుగ్గిరాల అన్నాను. “అయితే మీకు లాకులు తెలుసు. నిండు కాలువకు గేట్లన్నీ ఒక్కసారి ఎత్తితే కింది గట్లు నిలుస్తాయా? జానెడు జానెడు ఎత్తాలి” అన్నారు.

ముందు పాత మోతాదే మళ్లీ మొదలుపెట్టించారు. నాలుగు రోజుల్లో వణుకు తగ్గింది. మూడు వారాల తర్వాత దాని స్థానంలో అదే కోవకు చెందిన డయజెపామ్ ఇచ్చారు. అది శరీరంలో ఎక్కువ కాలం నిలుస్తుంది, 2 మిల్లీగ్రాముల చిన్న మాత్రలూ దొరుకుతాయి కాబట్టి కొద్దికొద్దిగా తగ్గించడం సులువు. అర మిల్లీగ్రాము క్లోనాజెపామ్‌కు సుమారు 10 మిల్లీగ్రాముల డయజెపామ్ సమానమట. ఈ లెక్కలను కూర్చినవారిలో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1982 నుంచి 1994 వరకు నాలాంటివారి కోసమే క్లినిక్ నడిపిన హెదర్ ఆష్టన్ గారు ముఖ్యులని చెప్పారు. రోగులు చెప్పింది నమ్మి, రాసి పెట్టుకున్న డాక్టరు ఆమె. 2019లో కన్నుమూశారు. ఆమెకూ నా దండం.

రెండు, మూడు వారాలకు ఒకసారి, అప్పటికి వాడుతున్నదానిలో పదో వంతు చొప్పున తగ్గించాము. కష్టమనిపించిన నెలలో తగ్గించకుండా అక్కడే ఆగాము. చివరి తునక 2025 జనవరిలో. ఇది నాకు రాసిన కొలత. మీ కొలత మీ డాక్టరే రాయాలి.

ఇంట్లో వాళ్ల గురించి చెప్పకపోతే ఈ కృతజ్ఞత సగమే. మా అత్తగారికి డెబ్బై ఆరేళ్లు. మోతాదు తగ్గించిన ప్రతిసారీ నాలుగైదు రోజులు నాకు శబ్దం పడేది కాదు. కుక్కరు కూత వింటే గుండె నోట్లోకి వచ్చేది. నేను ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఆవిడ కూత వచ్చినప్పుడు నా భుజాలు బిగుసుకోవడం చూశారు. మర్నాడు కుక్కరు అటక ఎక్కింది. పది నెలలు గిన్నెలో అన్నం వండి, గంజి వార్చి, పప్పు విడిగా ఉడకబెట్టారు. మోకాళ్ల నొప్పులతో పొయ్యి దగ్గర అదనంగా అరగంట నిలబడ్డారు. ఎందుకని ఎవరైనా అడిగితే, “గంజి వార్చిన అన్నమే నాకు ఇష్టం” అనేవారు. మిరపకాయలు వచ్చే కాలంలో యార్డు వైపు నుంచి వచ్చే ఘాటుకు కూడా నాకు దగ్గూ కన్నీళ్లూ ఆగేవి కావు. తలుపులకు తడిగుడ్డలు కట్టినదీ ఆవిడే. అత్తయ్యా, మీ ముందు నిలబడి చెప్పబోతే మీరు చెప్పనివ్వరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా వారు రాత్రి రెండింటికి నాతో పాటు లేచి వీధి చివరి వరకు నడిచేవారు. మా అమ్మాయి ఒక నోటు పుస్తకంలో తేదీ, మోతాదు, నిద్రపోయిన గంటలు రాసింది. “ఇంక నా వల్ల కాదు” అన్న రోజున మూడు నెలల వెనకటి పేజీ తీసి చూపించేది. ఆ రోజు సున్నా గంటలు, ఈ రోజు నాలుగు. మా బడిలో తోటి ఉపాధ్యాయిని ఒక టర్మంతా నా మొదటి పీరియడు తీసుకున్నారు, ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. ఒక రాత్రి మా వారు ఊళ్లో లేనప్పుడు, మానసిక ఇబ్బందులకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 14416కు ఫోను చేశాను. అవతల ఎవరో తెలుగులో నెమ్మదిగా మాట్లాడుతూ నా ఊపిరి కుదుటపడేవరకు ఉన్నారు. పేరు అడగలేదు. వారికీ కృతజ్ఞతలు.

అల్ప్రజోలామ్, లోరాజెపామ్, క్లోనాజెపామ్, డయజెపామ్, ఒకే కోవకు చెందిన ఈ మందుల్లో ఏదైనా మీ ఇంట్లో నెలల తరబడి రోజూ వాడుతున్నవారు ఉంటే, ఇది చదివి భయపడి ఇవాళే ఆపేయకండి. ఆపాలనుకుంటే డాక్టరుతో కలిసి, మెల్లగా. ఇప్పటికే ఆపేసి నాలాగే వణుకుతుంటే, అడిగినా అడగకపోయినా “ఫలానా మందు ఫలానా రోజు మానేశాను” అని ముందుగా మీరే చెప్పండి. ఫిట్స్ వచ్చినా, మతి తప్పి మాట్లాడుతున్నా 108కి ఫోను చేయండి.

నా చివరి మాత్ర అయిపోయిన వారం బందరు లడ్డూ డబ్బా తీసుకుని ఆ షాపుకు వెళ్లాను. ఆ అమ్మాయి పెళ్లి చేసుకుని ఉద్యోగం మానేసి వెళ్లిపోయిందట. ఏ ఊరో వాళ్లకూ సరిగా తెలియదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను. అమ్మా, ఇది నీ దాకా వస్తే ఒక కబురు పంపు. ఆ రోజు నువ్వు ఆటో అబ్బాయికి ఇచ్చిన 80 రూపాయలు నేనింకా నీకు ఇవ్వలేదు.