టేబుల్ మీద ప్యాకెట్లు, వెనక పోలీసులు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో నెలకోసారైనా ఒక ఫొటో వస్తుంది. పొడవాటి టేబుల్, దాని మీద వరసగా పేర్చిన ప్యాకెట్లు, వెనక పోలీసు అధికారులు, పక్కన ముఖాలకు ముసుగులు వేసిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. కింద ఎన్ని కిలోల మత్తు సరుకు దొరికిందీ, దాని విలువెంతో రాస్తారు. మర్నాటి నుంచి ఆ ఊళ్లో సరుకు దొరకడం ఆగిందా లేదా అన్నది మాత్రం ఇంతవరకు నేను ఏ వార్తలోనూ చదవలేదు.

నేను హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఒకసారి ఆ ముసుగుల్లో ఒకణ్ణి నిలబడ్డ తీరును బట్టి గుర్తుపట్టాను. ఎడమ భుజం కాస్త వాల్చి నిలబడతాడు. బోర్డు దగ్గరికి పిలిచిన ప్రతిసారీ అలాగే నిలబడేవాడు. బెయిలు మీద వచ్చాక వాడే నా దగ్గరికొచ్చాడు. వాడికి మత్తు అలవాటు లేదు. ఎవరో ఒక ఫోన్ కొనిచ్చారు, అందులో మెసేజ్ వస్తుంది, ఒకచోట బ్యాగు తీసుకుని ఇంకోచోట పెట్టి రావాలి. మెసేజ్ పెట్టేవాడి ముఖం వాడు ఎప్పుడూ చూడలేదు. వాడు లోపల ఉన్న రోజుల్లోనే ఆ పనికి ఇంకో పిల్లాణ్ణి పెట్టేశారని వాడి స్నేహితులే చెప్పారట.

చిన్న ఊళ్లలో ఈ వ్యాపారం ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ఎవడు అమ్ముతాడో, ఏ సందులో నిలబడతాడో బీట్ కానిస్టేబుల్‌కి తెలుసు, టీ తాగడానికి వచ్చేవాళ్లకీ తెలుసు. అతన్ని లోపలేస్తే కొన్నాళ్లు ఊరు సద్దుమణిగేది. ఇప్పుడు సందూ లేదు, నిలబడేవాడూ లేడు. అసలు వ్యాపారి దూరాన ఏదో నగరంలో ఉంటాడు. ఆర్డరు ఫోన్లో, డబ్బు ఫోన్లో, సరుకు పార్శిల్లోనో బైకు మీదో వస్తుంది. పోలీసుల పద్ధతి మాత్రం పాత సందు దగ్గరే ఉండిపోయింది. దొరికినవాణ్ణి పట్టుకోవడం, తూకం వేయడం, ఫొటో దిగడం.

ఈ మార్పును బ్రిటన్ కాస్త ముందుగా చూసింది. అక్కడ దీన్ని 'కౌంటీ లైన్స్' అంటారు. నగరాల్లోని ముఠాలు ఒక ఫోన్ నంబరు పెట్టుకుని చిన్న పట్టణాలకు సరుకు నడుపుతాయి. ఆ నంబరే వాళ్ల దుకాణం, అందులోని కొనుగోలుదారుల జాబితాయే పెట్టుబడి. మోయడానికి పిల్లలు. సరుకు దాచడానికి ఒంటరి ముసలివాళ్లనో, మతి స్థిమితం లేనివాళ్లనో బెదిరించి వాళ్ల ఇళ్లలో తిష్ట వేస్తారు. కోకిల వేరే పక్షి గూట్లో గుడ్డు పెట్టినట్టు కాబట్టి ఆ పనికి కోకిల పేరే పెట్టారు. 2017లో అలాంటి నంబర్లను కోర్టు ఉత్తర్వుతో కట్ చేసే వీలు కల్పించారు. ఇది నాకు అంత గొప్పగా అనిపించలేదు, కొత్త సిమ్ ఎంతసేపట్లో వస్తుంది? కానీ ఇంకో పని చేశారు, అది గట్టిది. పిల్లలతో సరుకు మోయించేవాళ్ల మీద 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టం కింద కేసులు కట్టడం మొదలుపెట్టారు. దాంతో మోసే పిల్లాడు ముందు బాధితుడు కాగలడు, తర్వాతే నిందితుడు. ముఠాలు ఈ వెసులుబాటునూ వాడుకుంటాయి, పట్టుబడితే ఏం చెప్పాలో పిల్లలకు నేర్పి మరీ పంపుతాయి. అయినా దర్యాప్తు పిల్లాడి దగ్గర ఆగకుండా పైకి వెళ్లాలంటే ఇదే దారి.

ఇక కిలోల లెక్క సంగతి. ఫెంటనిల్ అనే మందు హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు ఘాటైనది. బస్తా నిండా ఉన్న గంజాయి ఆకు కంటే జేబులో పట్టే ఫెంటనిల్ పొట్లంతో పోయే ప్రాణాలే ఎక్కువ. టేబుల్ మీద ఏది పెద్దగా కనిపిస్తుందో మీరే చెప్పండి.

సరుకు మారినప్పుడు చిన్న ఊరు ఎంత త్వరగా దెబ్బతింటుందో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఆస్టిన్ అనే ఊరు చూపించింది. జనాభా నాలుగు వేల పైచిలుకు. అక్కడివాళ్లు ఒక నొప్పి మాత్రను కరిగించి ఇంజెక్షన్‌గా ఎక్కించుకునేవారు, ఒకే సూదిని పదిమంది వాడేవారు. 2015లో హెచ్ఐవీ బయటపడింది, చివరికి కేసులు రెండు వందలు దాటాయి. పాత సూది తీసుకుని కొత్తది ఇచ్చే కేంద్రాలు అప్పటికి ఆ రాష్ట్రంలో చట్టవిరుద్ధం. సూది జేబులో ఉంటేనే కేసు అవుతుందని భయపడేవాడు కొత్తది ఎక్కడ తెచ్చుకుంటాడు? ఆ ఏడాది మార్చిలో గవర్నర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాకే ఆ కేంద్రానికి దారి దొరికింది. అరెస్టులు జరగలేదని కాదు, అవి మాత్రం సూదిని ఆపలేకపోయాయి.

ఇంకొకటి విని నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇండియానాపోలిస్‌లో 2020, 2021 సంవత్సరాల లెక్కలు తీసి పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. హెరాయిన్, ఫెంటనిల్ లాంటి నల్లమందు జాతి సరుకును పోలీసులు పట్టుకున్నాక వారం రోజుల్లో, ఆ చోటికి అర కిలోమీటరు లోపల, మోతాదు మించి చనిపోయినవారు మామూలుగా అనుకోవాల్సినదానికి రెట్టింపు ఉన్నారట. ఆలోచిస్తే అర్థం కానిదేం కాదు. అలవాటైన అమ్మకందారు పోతే, వాడేవాడు ముక్కూ ముఖం తెలియనివాడి దగ్గర కొంటాడు. దాని ఘాటెంతో తెలియదు. నాలుగు రోజులు మానేసిన ఒంటికి పాత మోతాదే విషమవుతుంది. అలాగని దాడులు మానేయమని నేను చెప్పడం లేదు. దాడి చేసిన రోజే ఆ వీధిలోని వాళ్ల గురించి డాక్టరుకు కబురు పెట్టమంటున్నాను. అమెరికాలోనే క్విన్సీ పోలీసులు 2010 నుంచి గస్తీ సిబ్బంది చేతికి నలోక్సోన్ ఇస్తున్నారు. నల్లమందు జాతి మత్తుతో ఊపిరి ఆగిపోతున్నవాణ్ణి వెనక్కి తెచ్చే మందు అది. గంజాయికీ, ఐస్ అని పిలిచే మెథాంఫెటమిన్‌కీ అది పనిచేయదు కాబట్టి ఊళ్లో ఏది అమ్ముతున్నారో ముందు తెలియాలి. అది తెలుసుకోవడానికి ఆస్ట్రేలియా 2016 నుంచి మురుగునీటిలో మత్తుమందుల జాడల్ని పరీక్షిస్తోంది, నగరాలతో పాటు చిన్న పట్టణాల నీరు కూడా. ఇన్ఫార్మర్ అబద్ధం చెప్పొచ్చు గానీ కాలువ చెప్పదు.

చిన్న ఊరికి ఒక బలం కూడా ఉంది, అందరికీ అందరూ తెలుసు. నార్త్ కరోలినాలోని హై పాయింట్ పోలీసులు 2004లో దీన్నే వాడుకున్నారు. ఒక పేటలో అమ్మేవాళ్ల మీద సాక్ష్యాలు పూర్తిగా పోగుచేశారు. హింసకు దిగే కొద్దిమందిని అరెస్టు చేశారు. మిగతావాళ్లను అమ్మల్నీ అమ్మమ్మల్నీ వెంటబెట్టుకుని రమ్మన్నారు. వాళ్లు అమ్ముతున్న వీడియో చూపించి, 'ఈ క్షణం జైలుకు పంపగలం, పంపడం లేదు, ఇక ఆపండి, పని దొరకడానికి సాయం చేస్తాం' అన్నారు. ఆ పేటలో బహిరంగంగా అమ్మడం దాదాపు ఆగిపోయింది. తర్వాత వేరే ఊళ్లలో చేస్తే అన్నిచోట్లా అలా కాలేదు. సాక్ష్యాలు పోగుచేసే ఓపిక లేకుండా మీటింగు ఒక్కటే పెట్టినచోట ఏమవుతుంది మరి?

మసాచుసెట్స్‌లో గ్లౌసెస్టర్ అని ముప్పై వేల జనాభా ఉన్న రేవు పట్టణం ఉంది. 2015లో అక్కడి పోలీసు చీఫ్, మత్తుకు బానిసైనవాళ్లు స్టేషన్‌కు వచ్చి సాయం అడిగితే అరెస్టు చేయం, చికిత్సకు పంపుతాం అని ప్రకటించాడు. మొదటి ఏడాదిలోనే మూడు వందల మందికి పైగా వచ్చారు. స్టేషన్ గడప తొక్కడానికి మామూలు మనిషే జంకుతాడు కదా, వాళ్లు తమంతట తాము నడిచి వచ్చారు. చికిత్సతో అందరూ బాగుపడ్డారని కాదు, చాలామంది మళ్లీ మళ్లీ రావాల్సి వస్తుంది. ఆ రోగం అంతే.

మన స్టేషన్లలో మనుషులు చాలరు, ఫోన్ల గుట్టు విప్పడం వచ్చినవాళ్లు అసలే ఉండరు అని పోలీసులు అంటారు. నిజమే. కానీ ఉన్న కొద్దిమందిని ఏ పనికి వాడుతున్నారు? పైఅధికారి నెలాఖరు మీటింగులో 'ఎన్ని కేసులు?' అని అడుగుతాడు. కేసుల సంఖ్య పెంచడానికి అన్నిటికంటే సులువైనవాడు జేబులో చిన్న పొట్లంతో తిరిగే వాడకందారు. అతన్ని పట్టుకోవడానికి దర్యాప్తు అక్కర్లేదు. అదే, డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయిందో చూడాలంటే నెలలు పడుతుంది, ఆ నెలల్లో టెన్షన్ పడేది ఆ స్టేషన్ అధికారే. నేను ఆయన్ని తప్పు పట్టను. ఆ ప్రశ్న అడిగేవాళ్లను పడతాను, వాళ్లలో మీరూ ఉన్నారు, ఏమీ అనుకోకండి.

మళ్లీ ఆ ఫొటో వేసేటప్పుడు మీ విలేకరితో రెండు సంగతులు అడిగించండి. ఫోన్ చేసినవాడు ఎవరో తేలిందా? నెల తర్వాత ఆ వీధిలో సరుకు దొరుకుతోందా? రెండో దానికి జవాబు కావాలంటే నెల తర్వాత ఇంకోసారి వెళ్లాలి, ఆ వార్తకు ఫొటో ఉండదు. అయినా వేయండి.

నా విద్యార్థి కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది. ఛార్జిషీటు చూపించాడు. ఆ మెసేజీలు పెట్టినవాడి గురించి అందులో ఒక్క వాక్యం కూడా లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్